రాహేలక్క వేలంలో పాడుకున్న మొక్కజొన్న

రాహేలక్క బాతుపిల్లల గోల లేకుండా మా వీధిలో ఏనాడూ తెల్లవారలేదు. నేను హైస్కూల్లో గుమస్తాని. ఆ గోలకే లేస్తాను, లేచి తిట్టుకుంటూ గ్యాసు వెలిగిస్తాను. పోయిన నవంబరులో ఒక పొద్దున్న మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చేసింది. బయట ఎక్కడా చప్పుడు లేదు. మా గోడ అవతలే ఆమె పెరడు. ఏమైందోనని గోడ మీంచి తొంగిచూశాను. 

పసుపుపచ్చటి బాతుపిల్లలు తడిక లోపల ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. కొన్నిటి మెడలు వెనక్కి విరుచుకుపోయాయి, కాళ్లు బిగుసుకుపోయాయి. ప్రాణం ఉన్నవి లేవబోయి పక్కకి ఒరిగిపోతున్నాయి. వాటి మధ్యన రాహేలక్క చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చేట నిండా మేత అలాగే ఉంది. ఆమె ఏడవడం లేదు, పిలిస్తే పలకడం లేదు. నేను చుట్టూ తిరిగి వెళ్లి భుజం పట్టుకుని కుదిపితే అప్పుడు నా మొహంలోకి చూసి, "నిన్న కూడా మేత తిన్నాయి చెల్లీ," అంది.

రాహేలక్క నాకు తోడబుట్టినది కాదు. గోడలు ఆనుకుని ఉన్న ఇళ్లలో ఇన్నేళ్లు బతికితే వరసలు వాటంతటవే కలుస్తాయి. ఆమె భర్త గంగయ్య బావ బాతుల మందని తోలుకుని ముమ్మిడివరం చుట్టుపక్కల చేలన్నీ తిరిగేవాడు. ఆయన పోయినప్పుడు మందని అమ్మేసి ఇంటిపట్టున ఉండమని అందరూ చెప్పారు. నేనూ చెప్పాను, కాస్త గట్టిగానే చెప్పాను. ఆమె అందరి మాటలూ శ్రద్ధగా విని, అందరికీ "ఆయ్, అలాగేనండి" అని, మర్నాడు ఆయన కర్ర, ఆయన టోపీ తీసుకుని మందతో కాలవగట్టెక్కింది. అంతే, ఈ రోజు వరకూ దిగలేదు. కోతలైన చేలల్లో రాలిన గింజలు, బోదె కాలవల్లో నత్తలు తిని ఆ బాతులు గుడ్లు పెట్టాలి, ఆ గుడ్లతో ఆ ఇల్లు నడవాలి. పిల్లల్ని మాత్రం ఇంట్లోనే బుట్టలో బల్బు కింద పెట్టి, చంటిబిడ్డల్ని పెంచినట్టు పెంచుతుంది. వచ్చే ఏడాది మంద అవే కదా.

ఆమెకి ఒక జబ్బు ఉంది. ఏదీ పారెయ్యలేదు. చిల్లుపడిన బకెట్టులో కరివేపాకు మొక్క ఉంటుంది. చిరిగిన చీర తాడు అవుతుంది, ఆ తాడు తెగితే పొయ్యి గుడ్డ అవుతుంది. నేను చెత్తలో వేసిన ప్లాస్టిక్ డబ్బాలన్నీ ఆమె వంటింటి అలమరలో వరసగా కూర్చుని, నేను వెళ్లినప్పుడల్లా నన్ను వెక్కిరిస్తుంటాయి.

ఇంకో జబ్బు ఈ మధ్య పట్టుకుంది, అది ఫోను తెచ్చిపెట్టింది. జన్యువులు మార్చిన మొక్కజొన్న తింటే పిల్లలకి ఏవేవో రోగాలు వస్తాయని ఎవరో పంపిన వీడియో చూసి భయపడిపోయింది. భయపడటానికి కారణం మనవరాలు హన్నా. దానికి రెండేళ్లు. కూతురు ప్రసన్నకుమారి అమలాపురంలో బట్టల కొట్లో పనిచేస్తుంది, పొద్దున్న బస్సెక్కితే చీకటి పడ్డాకే రావడం. అంతవరకూ పిల్ల అమ్మమ్మ దగ్గరే, మంద వెంట వెళ్లినా చంకలోనే. హన్నా నోట్లోకి ఏది వెళ్లాలన్నా దాని పొట్లం మీదున్న అక్షరాలన్నీ నాచేత చదివించాల్సిందే. కిరాణా కొట్టు సాయికుమార్ అయితే ఆమెని దూరం నించి చూడగానే, "మార్చలేదండి పిన్నిగారూ, మా కొట్లో గుండుసూది కూడా మార్చలేదండి," అనేవాడు.

మన దేశంలో అలాంటి మొక్కజొన్న విత్తనం అమ్మడానికి అనుమతే లేదని నేను చెప్పి చూశాను.

"అనుమతి లేకుండా ఎన్ని రావట్లేదు చెల్లీ," అంది.

 నాకు జవాబు దొరకనప్పుడు కోపం వస్తుంది. లేచి వచ్చేశాను.

ఇక కోత పండుగ. మా చర్చి సంఘంలో ఏటా నవంబరు మొదట్లో చేస్తారు. ఎవరి పంటలోంచి వాళ్లు తెచ్చి గుడిలో బల్ల ముందు పెడతారు. అరటి గెలలు, కొబ్బరికాయలు, కంద, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు కూడా. ఆరాధన అయ్యాక వాటిని బయట వేలం వేస్తారు. వేలంలో పాడుకున్న వస్తువు సంగతి వేరు. దేవుడి ముందు పెట్టింది కాబట్టి కళ్లకద్దుకుని ఇంటికి తీసుకెళతారు, అందులో కొంచెం కూడా వృథా చెయ్యరు. సగం కుళ్లిన గుమ్మడికాయలో మంచి ముక్క చూసి కోసుకుని కూర వండిన ఇళ్లు నాకు తెలుసు.

ఈసారి సంఘ పెద్ద జాషువా గారు మొక్కజొన్న బస్తాలు తెచ్చారు. ఆయనకి ఆలమూరు దగ్గర గోదావరి లంకలో కౌలు చేను ఉంది. సరిగ్గా కోసి ఆరబెట్టిన సమయానికి తుఫాను వాన పట్టుకుంది. కండెలన్నీ బరకాలు కప్పి రోజుల తరబడి ఉంచారట. అయినా ఇంత పంట దక్కిందని ఆయన ఆ రోజు అందరి ముందూ కృతజ్ఞత చెప్పారు. మనిషి మంచివాడు, మాట మెత్తన. వేలం మొదలయ్యేముందు ఒక గుప్పెడు గింజలు చేతిలోకి తీసుకుని అందరికీ చూపించారు.

"ఇది ఆ మార్చిన విత్తనం కాదండి. మా నాన్నగారు వేసిన పాతరకమేనండి. ఇదిగో, పురుగు కూడా తింది చూడండి. పురుగు తిందంటే మందూ మాకూ లేని స్వచ్ఛమైన గింజ అన్నమాటండి," అన్నారు.

ఆ మాట వినగానే రాహేలక్క మొహం వెలిగిపోయింది. కోడిపుంజు దగ్గర నోరెత్తని మనిషి, మొక్కజొన్న దగ్గర ఎవరు పాడినా పైపాట పాడింది. నేను కొంగు పట్టుకు లాగితే విదిలించుకుంది. ఆఖరికి ఒక బస్తా ఆమెకి దక్కింది. మిగతావి ఇంకో రెండిళ్లవాళ్లు పాడుకున్నారు. ఆ బస్తాని ఆటోలో తన పక్కన చుట్టాన్ని కూర్చోబెట్టుకున్నట్టు కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

బస్తా మూతి విప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. పైన గింజలు బాగానే ఉన్నాయి. చెయ్యి లోపలికి పెడితే మధ్యలో వెచ్చగా తగిలింది. ముక్కిపోయిన వాసన గుప్పుమంది. కొన్ని గింజల మీద పచ్చటి బూడిద లాంటిది అంటుకుని ఉంది, ఊదితే ఎగిరింది. నేను ముక్కు మూసుకుని, "ఇది కాలవలో పారబోసెయ్యి అక్కా," అన్నాను.

"తప్పు చెల్లీ. దేవుడి ముందు పెట్టింది పారబొయ్యడానికి మనసెలా ఒప్పుతుంది," అంది.

ఇక వాదించి లాభం లేదని నాకు తెలుసు. ఆమె ఆ గింజలన్నిటినీ కాలవరేవులో రుద్ది రుద్ది కడిగింది. అరుగు మీద దుప్పటి పరిచి ఎండబెట్టింది. ఎండిన తర్వాత కూర్చుని ఏరింది. రంగు మారినవి, పురుగు తొలిచినవి ఒకవైపు వేసి నూక పట్టించి, తవుడు కలిపి బాతుపిల్లలకి పెట్టడం మొదలుపెట్టింది. పెద్ద బాతులు చేలల్లో తిరిగి మేస్తున్నాయి కాబట్టి వాటికి ఈ నూక అందలేదు. నిగనిగలాడే గింజలు ఇంకోవైపు వేసింది. అవి ఏం చేసిందో నేను అప్పుడు అడగలేదు.

బాతుపిల్లలు చచ్చిపోయిన పొద్దున్న మా వీధి వీధంతా అక్కడే చేరింది. బర్డ్ ఫ్లూ అని ఒకరు, ఎవరో కిట్టనివాళ్లు విషం పెట్టారని ఒకరు. వెనకాల రొయ్యల చెరువులో మందు నీళ్లు వదిలారని ఎవరో అనేసరికి రాహేలక్కలో చలనం వచ్చింది. బావ కర్ర తీసుకుని చెరువు వైపు బయల్దేరింది. ఆమె చేతిలో కర్ర లాక్కోవడానికి నేనూ ఇంకో ఇద్దరూ కావలసివచ్చింది. అలా పట్టుకునే, రెండో చేత్తో పశువుల ఆసుపత్రికి ఫోను చేశాను.

డాక్టర్ సత్యశ్రీ గారు స్కూటీ మీద వచ్చారు. చిన్నవయసు మనిషి. మాస్కు, చేతులకి తొడుగులు వేసుకుని, చచ్చిన బాతుపిల్లని ఒకదాన్ని అరిటాకు మీద పెట్టి కోశారు. మమ్మల్ని దూరంగా ఉండమన్నారు గానీ నేను చూశాను. ఎర్రగా ఉండాల్సిన కాలేయం పాలిపోయి పసుపురంగులో ఉబ్బి ఉంది, మీద నెత్తుటి చుక్కలు. ఇంకోదాన్ని కోశారు. అదీ అంతే.

"మేత ఏం పెడుతున్నారండీ?" అని అడిగారు.

"మొక్కజొన్న నూకండి. మంచిదేనండి, కోత పండుగలో పాడుకున్నదండి," అంది రాహేలక్క.

"నూక పట్టించని గింజలు ఉంటే తెండమ్మా."

రాహేలక్క నూకకని ఏరి ఉంచిన గింజలు తెచ్చి ఇచ్చింది. డాక్టరమ్మ ఒక గింజని కత్తితో రెండుగా చీల్చి చూశారు, వాసన చూశారు. ఆమె కనుబొమలు ముడిపడటం చూసి రాహేలక్క తొందర తొందరగా మాట్లాడింది.

"డాక్టరమ్మగారండీ, ఇది ఆ మార్చిన విత్తనం కాదండి. పాతరకం అండి. పురుగు కూడా తిందండి."

"పురుగు తినడమే వచ్చిన చిక్కు అమ్మా. అది తొలిచిన కన్నంలోంచే బూజు లోపలికి పోతుంది. దానికి తోడు గింజ తడిసింది. విత్తనం మార్చినదా, పాతదా అన్న తేడా బూజుకి లేదండి. పురుగు పట్టని రకమైతే కన్నాలు తక్కువుండి బూజు కొంత తగ్గొచ్చు. కానీ తడిగింజని కప్పెట్టి ఉంచితే ఏ రకమైనా ఇంతేనండి."

"బూజు కడిగేసేనండి. ఎండబెట్టేనండి."

"బూజు పోయిందమ్మా. అది గింజలో వదిలిన విషం పోలేదు. అఫ్లటాక్సిన్ అంటారు దాన్ని. కడిగితే పోదు, ఎండకి పోదు, ఉడకబెట్టినా పూర్తిగా పోదు. బాతుపిల్లలు దానికి అస్సలు తట్టుకోలేవండి. ల్యాబుకి పంపుతాను గానీ, ఈ కాలేయాలు చూశాక నాకు పెద్దగా అనుమానం లేదు."

"ఉడకబెట్టినా పోదాండీ?" అంది రాహేలక్క. 

"పోదమ్మా."

"మరి పైకి నిగనిగలాడుతూ, శుభ్రంగా ఉన్న గింజలుంటాయి కదండీ. అవి మంచివే కదండీ?"

"ఒకే బస్తాలోవైతే నమ్మకూడదండి. అది కంటికి కనపడేది కాదు. ఎందుకండీ, అవి కూడా వేరేగా పెట్టేరా?"

రాహేలక్క లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో నేను పారేసిన ఎర్రమూత ప్లాస్టిక్ డబ్బా ఉంది. దాన్ని రెండు చేతులతో డాక్టరమ్మ ముందు పెట్టింది. అందులో సన్నటి పసుపుపచ్చటి పిండి, సగానికి పైగా ఖాళీ అయిపోయి ఉంది.

"హన్నా జావ పిండి అండి," అంది. "వేయించి పట్టించేను. పొద్దున్న కూడా తాగింది."

డాక్టరమ్మ కత్తి అరిటాకు మీద పెట్టేశారు.  తడిక పక్కన మెడ విరిగినట్టు పడున్న బాతుపిల్లల్ని చూశాను, అరుగు మీద గిన్నెతో ఆడుకుంటున్న హన్నాని చూశాను. ఆ రెండూ ఒకే బస్తా తిన్నాయన్న ఆలోచన నా బుర్రలోకి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక దిగలేదు.

తను పశువుల డాక్టరునని, పిల్లల డాక్టరుకి చూపించడం ఆలస్యం చెయ్యొద్దని, డబ్బా కూడా పట్టుకెళ్లమని సత్యశ్రీ గారు చెబుతుండగానే నేను ఆటో పిలిచాను. అమలాపురం వెళ్లేదాకా రాహేలక్క పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. హన్నా దారిపొడుగునా కొబ్బరిచెట్లకి టాటా చెబుతూనే ఉంది. దాని ఉత్సాహం చూస్తుంటే నాకు ఇంకా భయమేసింది.

పిల్లల డాక్టరు పొట్ట నొక్కి చూశారు, కళ్లు చూశారు, రక్తం తీయించారు. రిపోర్టు మర్నాడు వస్తుందన్నారు. ప్రసన్నకుమారి కొట్లోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. జరిగింది నేనే చెప్పాను. ఆ పిల్ల కేకలు వేస్తుందేమో అనుకున్నాను. వెయ్యలేదు. తల్లి ఒళ్లోంచి హన్నాని తీసుకుని భుజాన వేసుకుంది.

"బిస్కెట్ పొట్లం మీద అక్షరాలన్నీ చదివితే గానీ దానికి పెట్టనివ్వవు కదమ్మా," అంది, అంతే.

రాహేలక్క తల దించుకుంది. బావ పోయినరోజు కూడా ఆమెని అలా చూడలేదు నేను.

మర్నాడు సాయంత్రం రిపోర్టు వచ్చింది. కాలేయానికి ఇప్పటికి ఏమీ కాలేదని, తిన్నది కొద్దిరోజులే కాబట్టి గండం తప్పినట్టేనని, నెల తర్వాత మళ్లీ చూపించమని డాక్టరు చెప్పారు. ప్రసన్నకుమారి అక్కడే బల్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.  రాహేలక్క మాత్రం ఏడవలేదు, ఆ మాట పూర్తిగా విందో లేదో కూడా అనుమానమే.

"వేలంలో ఇంకా ఎవరు పాడేరు చెల్లీ?" అని అడిగింది.

 హన్నా ధ్యాసలో ఆ రెండిళ్లూ నాకు గుర్తే లేవు. ఊళ్లో బస్సు దిగి ఇంటికి కూడా వెళ్లకుండా ఇద్దరం అటే నడిచాం. దీనమ్మ గారి ఇంట్లో బస్తా ఇంకా మూతి విప్పలేదు. క్రిస్మస్‌కి పిండివంటలు చేద్దామని దాచారట. రెండో ఇంటివాళ్లు కోళ్లకి వేస్తున్నారు, గంపలోంచి రెండు అప్పటికే పోయాయట, ఏదో తెగులనుకున్నారు. రాహేలక్క ప్రతి గుమ్మంలోనూ నిలబడి అదే మాట అదే గొంతుతో చెప్పింది. "నా బాతుపిల్లలు పోయేయండి. మా హన్నాకి కూడా అదే పెట్టేనండి. మీరు పెట్టకండి."

ఆఖరున జాషువా గారింటికి వెళ్లాం. ఆయన అరుగు మీద వాలుకుర్చీలో కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. రాహేలక్క అంతా చెప్పింది. ఆయన నిదానంగా విన్నారు, బాతుపిల్లల సంగతి విని నొచ్చుకున్నారు.

"అలాగాండీ. అయితే ఆ కోళ్లమేత కంపెనీవాళ్లు చెప్పింది నిజమే అన్నమాట," అన్నారు.

"ఏం చెప్పేరండీ?" అన్నాను నేను.

"పండక్కి ముందు మన సరుకు లారీలో పంపితే వాళ్లేదో పరీక్ష చేసేరండి. బూజు విషం ఎక్కువుంది, కోళ్లమేతకి పనికిరాదని లారీకి లారీ వెనక్కి పంపేసేరండి."

 ఆయన ఎంత మామూలుగా చెప్పారంటే, వానొచ్చిందని చెప్పినట్టు చెప్పారు. నాకు ముక్కు మీద కోపం అని ఊరంతా అంటారు. ఆ రోజు వచ్చింది కోపమో వణుకో నాకే తెలియదు.

"కోళ్లకి పనికిరానిది దేవుడి ముందు పెట్టేరా జాషువా గారూ? కోళ్లకి పనికిరానిది మా హన్నాకి పనికొచ్చిందా?" అన్నాను.

ఆయన నిజంగానే తెల్లబోయి నావైపు చూశారు.

"కోళ్లకి పనికిరాదన్నారు గానీ మనుషులకి పనికిరాదని వాళ్లు అనలేదు కదండీ నిర్మలమ్మగారూ. కోళ్లు పచ్చివి తింటాయి, మనం కడుక్కుంటాం, వండుకుంటాం. అంత పంట పారబొయ్యడానికి మనసెలా ఒప్పుతుందండీ?"

నేను ఇంకా గట్టిగా అనబోయి రాహేలక్క వైపు చూశాను. ఆమె గోడకి ఆనుకుని ఉంది. మనసెలా ఒప్పుతుందన్న ఆ మాట కాలవరేవుకి వెళ్లే ముందు ఆమె నోటి వెంటే నేను విన్నాను, అక్షరం పొల్లుపోకుండా. అది ఆమెకీ గుర్తొచ్చిందని ఆమె మొహం చెప్పింది. 

అప్పుడే లోపలినించి జాషువా గారి కోడలు వచ్చింది. ఏడో నెల, పొట్ట పట్టుకుని నెమ్మదిగా నడుస్తోంది. మా గొంతులు విని చుట్టాలొచ్చారనుకుంది పాపం. పళ్లెంలో రెండు స్టీలు గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టింది. తన చేతిలో ఇంకో గ్లాసు ఉంది, సగం తాగినది.

"తీసుకోండి పిన్నిగారూ. జావ ఇప్పుడే కాచేను, వేడిగా ఉంది," అంది.

గ్లాసుల్లో పసుపుపచ్చగా పొగలు కక్కుతోంది. ఎవ్వరమూ చెయ్యి చాపలేదు. రాహేలక్క గోడ వదిలి ముందుకు వచ్చి, ఆ పిల్ల చేతిలో గ్లాసు తీసుకుంది, అరుగు దిగి మట్టిలో పారబోసింది. తిరిగివచ్చి పళ్లెంలో ఉన్నవి కూడా తీసుకెళ్లి పారబోసింది. కోడలు ఏమీ అర్థంకాక మామగారి వైపు చూసింది.

జాషువా గారి రంగు మారిపోయింది. కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడి, "ఎన్నాళ్ల నించి తాగుతున్నావమ్మా?" అని అడిగారు.

"పండుగ నించీ రోజూ తాగుతున్నానండి మామయ్యగారూ. బలానికి మంచిదని మీరే కదండీ చెప్పేరు."

ఆయన కూర్చోబోయారు, కుర్చీ అందలేదు, అరుగు మీదే కూలబడ్డారు. రాహేలక్క ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, "ఆటో పిలు చెల్లీ," అంది.